చంకకి రాసిన మందు, నేను చదివిన వాక్యం

పోయినేడు మార్చి నెల రెండో ఆదివారం, పొద్దున పదిన్నర దాటి ఐదు నిమిషాలు. చర్చి గోడ మీది గడియారం చూసి మరీ చెబుతున్నాను. ఆ గడియారం కొంచెం ముందు నడుస్తుందని మా అబ్బాయి అంటాడు, అది వేరే సంగతి. ఆ వేళకి నేను ముందుకు వెళ్ళి, అందరికీ ఎదురుగా నిలబడి, బైబిలు వాక్యం చదివాను. మొదలుపెట్టి ఆఖరు దాకా చదివాను. ఎక్కడా తడబడలేదు. ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, నేను చదవలేదని మా సంఘం వాళ్ళంతా అనుకుంటున్నారు. అనుకోవడమేమిటి, నా మొహం మీదే అంటున్నారు.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. అంతకు ముందు నా చేతులకి కలం పట్టే తీరిక లేదు. కశింకోట పక్క పల్లెలో చెరకు కొట్టాను, మోపులు మోశాను, బెల్లం వండే పొయ్యి దగ్గర ఎండిన పిప్పి ఎగదోసే పని ఏళ్ళ తరబడి చేశాను. ఆ పొయ్యి మూతి ముందు కూర్చుంటే ఒళ్ళు ముందు ఎండుతుంది, తర్వాత ఉడుకుతుంది, తర్వాత ఏమీ తెలియదు. పొగకి కళ్ళు బతికాయి గాని ముక్కు చచ్చిపోయింది. కూర మాడితే పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలి నాకు.

మా ఆయన పోయాక పల్లె వదిలి అనకాపల్లిలో కొడుకు దగ్గరికి వచ్చేశాను. రైలు గేటు అవతల రెండు గదుల అద్దె ఇల్లు. కొడుకు బెల్లం వండే మనిషి. సీజను ఉన్నన్నాళ్ళూ తెల్లారకుండా షేర్ ఆటో ఎక్కి వెళతాడు. కోడలిది ఎలమంచిలి. పదో తరగతి పాసయింది, మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ కొట్లో పని చేస్తుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆ కోడలే. పలక కొని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేర్పడం అంటే మర్యాదగా నేర్పలేదు.

"తలకట్టు పెట్టకుండా ఒగ్గేత్తావేటత్తా? నెత్తి మీద కొంగు లేకుండా నివ్వు సర్సికి ఎల్తావేటి? దానికీ అంతే" అనేది.

మళ్ళీ తప్పు రాస్తే పలక లాక్కుని, "నీ కంటే మా కొట్లో గాజుల బీరువా నయం, సెప్పింది సెప్పినట్టు నిలబడతాది" అనేది. నేనూ ఊరుకునే మనిషిని కాను. ఇద్దరం అరుచుకుంటూ ఉంటే పక్క వాటాలో వాళ్ళు అత్తాకోడళ్ళకి పడడం లేదనుకునేవారు. పడకపోతే అలా అరుచుకోరు, అది వాళ్ళకి తెలియదు.

నాకై నేను చదివిన మొదటి మాట బస్సు బోర్డు మీద ఉన్న, మా పల్లెకి వెళ్ళాలంటే దిగే ఊరి పేరు. అన్నేళ్ళూ కండక్టరు కేక విని, పక్కవాళ్ళని అడిగి ఎక్కినదాన్ని. ఆ రోజు బస్టాండులో 'కశింకోట' అని చదివి, ఎక్కలేదు. వెళ్ళాల్సిన పని లేదు. ఊరికే నిలబడి, వచ్చిన ప్రతి బస్సుదీ చదివాను. పక్కన కూర్చున్న ఆడమనిషి, "ఎక్కడికమ్మా ఎల్లాల?" అని అడిగితే "ఎక్కడికీ కాదు" అన్నాను. పిచ్చిదనుకుని జరిగి కూర్చుంది.

మా చర్చిలో ఏడాదికి ఒక్కసారి స్త్రీల ఆదివారం అని ఉంటుంది. ఆ రోజు ఆరాధన అంతా ఆడవాళ్ళే నడుపుతారు. పాటలు ఎత్తేది, ప్రార్థన చేసేది, కానుకలు పట్టేది, వాక్యం చదివేది అందరూ ఆడవాళ్ళే. అందరూ తెల్లచీరలు కట్టుకోవాలి. మగవాళ్ళు ఆ ఒక్క రోజూ నోరు మూసుకుని కూర్చుంటారు. వాక్యం ఎవరు చదవాలో నెల ముందే చెప్పేస్తారు. ఎప్పుడూ చదువుకున్న ఆడవాళ్ళకే ఇస్తారు. పోయినేడు పాస్టరయ్యగారు, ఈ వయసులో చదువు నేర్చుకున్నానని విని, నా పేరు పిలిచారు. చాప మీద కూర్చున్నదాన్ని, ఎవరినో పిలుస్తున్నారని వెనక్కి తిరిగి చూశాను. కోడలు మోచేత్తో నా డొక్కలో పొడిచింది. "నిన్నేనత్తా" అంది.

నా జన్మలో నాకు ఎవరైనా ఇచ్చిన పని అంటే మొయ్యమనో, కొట్టమనో, ఎగదొయ్యమనో. నోరు తెరిచి నలుగురికీ వినిపించమని ఎవరూ అనలేదు. నేను మాట్లాడితే గట్టిగా మాట్లాడతానని ఊరుకోమనేవారే గాని. అందుకని ఆ వాక్యం నాకు కావలసి వచ్చింది. ఎంత కావలసి వచ్చిందో ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, బుధవారం ఆడవాళ్ళ కూడిక నుంచి కోడలు మూతి ముడుచుకుని వచ్చింది. వంకాయలు కోస్తూ, నా వంక చూడకుండా మొదలుపెట్టింది.

"అత్తా, ఒక మాట సెప్తాను, కోప్పడకు."

"కోప్పడే మాటైతే సెప్పకు."

"సెప్పాల్సిందే. సెక్రటరమ్మగారు నన్ను సెప్పులకాడ పక్కకి పిలిసేరు."

సెక్రటరమ్మగారంటే మా స్త్రీల సమాజానికి సెక్రటరీ. చదువుకున్న మనిషి, మాట మెత్తన. మెత్తటి మాటలతో చాలా పనులు చేయించగలదు.

"ఏటంట?"

"నీకు... వాసన వత్తాదంట. ముందు నిలబడి సదివితే వేదిక కాడ కూర్సున్నోల్లకి ఇబ్బందంట. ఎవరైనా సదువుకున్న పిల్ల సేత సదివిద్దామా అనీసి అడిగేరు."

నేను వెల్లుల్లి వొలుస్తున్నాను. వొలవడం ఆపలేదు.

"నీకు వత్తాదా?" అన్నాను.

కోడలు వంకాయ ముక్కలు నీళ్ళలో వేసింది. వేసినవి మళ్ళీ తీసి కడిగింది.

"నిన్నే అడుగుతన్నాను."

"వత్తాదత్తా."

"ఎప్పుట్నించి?"

"నాను ఈ ఇంటికొచ్చిన కాణ్ణించి."

"మరి ఏనాడూ నోరిప్పలేదేటే?"

"ఇప్పితే ఒప్పుకుంతావేటి? పులుసులో ఉప్పెక్కువైందంతేనే రెండ్రోజులు మాటాడవు. సంకల కంపంతే ఇల్లు పీకి పందిరేత్తావు."

అదీ నిజమే. ఆ రోజు కూడా అన్నం తినలేదు.

నేను స్నానం చెయ్యని మనిషినని ఎవరూ అనుకోకండి. రోజూ రెండు పూటలా చేస్తాను. ఎండాకాలం మూడు. కాని నాది చెమట పట్టే ఒళ్ళు. పొయ్యి ముందు కరిగి కరిగి అలవాటైన ఒళ్ళు, ఫ్యాను కింద కూర్చోబెట్టినా దాని అలవాటు అది మానదు. మా అమ్మ రైతుల ఇళ్ళకి పనికి వెళితే గుమ్మం అవతలే నిలబడేది. 'వాసన' అనేవారు. మేం దేవుణ్ణి మార్చుకుని, చర్చి కట్టుకుని, అందులో మన చాప మనం వేసుకుని కూర్చున్నాం. ఇప్పుడు ఆ మాట అనడానికి బయటివాళ్ళు అక్కర్లేదు. మనవాళ్ళే అంటారు. బయటివాళ్ళు అంటే తిట్టేదాన్ని. మనవాళ్ళు అంటే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కోడలు మర్నాడు కొట్టు నుంచి ఒక స్ప్రే సీసా తెచ్చింది. కొట్టుకున్నానో లేదో దగ్గు పట్టుకుంది, ఒక పూటంతా దగ్గాను. పైగా సెంటు కొట్టుకుని వాక్యం చదివితే ముసల్దానికి సోకేమిటని అదొక మాట వస్తుంది. పటిక రాసుకుంటే చర్మం బిగిసింది గాని చెమట ఆగలేదు. అప్పుడు కోడలు ఫోనులో చూసి, ఇంట్లోనే చేసుకునే మందు ఒకటి ఉందంది.

"డియోడరెంటంతారత్తా. కొన్నదైతే మందులు కలుపుతారు. మనం సేసుకుందైతే ఏటీ అవదు. అన్నీ మన వంటింట్లోవే."

కొబ్బరి నూనెలో వట్టివేళ్ళు రెండు రోజులు నానబెట్టింది. పచారీ కొట్టు నుంచి తేనెమైనం ముక్క తెచ్చింది. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దాంట్లో ఇంకో గిన్నె పెట్టి, నూనె, మైనం కరిగించింది. దించాక పాలగుండ పొడి వేసింది. పాలగుండ ఎందుకే అంటే చెమట పీలుస్తుందంది. చిన్నప్పుడు విరేచనాలైతే గంజి కాచి పోసే పిండి అది. చంకకి పూస్తారని నాకేం తెలుసు. తర్వాత వంటసోడా చెంచాడు. వాసన చంపేది అదే అంది. చివర కర్పూరం నలిపి కలిపింది. మొహానికి రాసుకునే క్రీము డబ్బా ఖాళీది ఒకటి కడిగి, అందులో పోసి ఆరబెడితే వెన్నలా గట్టిపడింది.

రాసుకుని ఇల్లు ఊడ్చాను, బట్టలు ఉతికాను, ఎండలో గేటు దాకా వెళ్ళి వచ్చాను. వచ్చి చెయ్యి ఎత్తాను.

"పెట్టు ముక్కు."

"సీ, నాను పెట్టను."

"సేసిందానివి నివ్వే. నివ్వే పెట్టాల."

కోడలు కళ్ళు మూసుకుని, ముక్కు ముందుకు చాపి, ఒక్కసారి పీల్చి, మళ్ళీ పీల్చింది. "ఓలమ్మో, పెళ్ళికూతురిలాగున్నావత్తా" అంది. ఇద్దరం వంటింట్లో కూలబడి నవ్వాం. సాయంత్రం మా అబ్బాయి వచ్చి గుమ్మంలోనే ఆగి, "ఇంట్లో ఏటో పాయసం వాసన వత్తంది?" అన్నాడు. గిన్నెలు వెతికాడు కూడా. నవ్వాను గాని, ఇన్నాళ్ళూ నా కొడుకు ముక్కు కూడా మూసుకునే ఉన్నాడన్నమాట అని ఆ పూట పడుకునేటప్పుడు అనిపించింది.

తర్వాతి బుధవారం కూడికలో సెక్రటరమ్మగారు వచ్చి నా పక్కనే కూర్చుంది. ఏనాడూ కూర్చోలేదు. ప్రార్థన అయ్యేలోపు రెండుసార్లు నా వైపు వొంగింది. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు బాగుంది మామ్మగారూ, మీరే చదవండి" అంది. సంతలో పశువు పళ్ళు చూసి బేరం ఖాయం చేసినట్టు చెప్పింది. నేను "వందనాలమ్మా" అన్నాను. ఆ వందనాలు అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం. కాని వాక్యం నాది అయింది. నాకు కావలసింది అది.

రోజూ చదివాను. కోడలు అంట్లు తోముతూ వినేది. అందులో ఒక మాట ఉంది, రైలంత పొడుగు. దాన్ని మూడు ముక్కలు చేసి, మూడూ విడిగా పలికి, మళ్ళీ తగిలించేదాన్ని. "బోగీలు ఊడిపోతన్నాయత్తా, కలిపి లాగు" అనేది కోడలు. శుక్రవారానికి కలిపి లాగేశాను.

ఆ శుక్రవారమే చీర తీసి చూసుకుంటే కుచ్చిళ్ళ మీద ఆవకాయ నూనె మరక. సబ్బుకి పోలేదు. మా అబ్బాయి, "హైడ్రోస్ తెత్తానుండు, దెబ్బకి పోద్ది" అన్నాడు.

హైడ్రోస్ అంటే తెల్లటి పొడి. బెల్లం పొయ్యిల దగ్గర ఉంటుంది. బెల్లం నల్లగా ఉంటే అనకాపల్లి మార్కెట్లో దాని మొహం ఎవడూ చూడడు, పచ్చగా మెరవాలి. అందుకని మరిగే చెరకు రసంలో ఆ పొడి చల్లుతారు. నల్లబెల్లమే మంచిదని చల్లేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అయినా రంగు కావాలి. అదే పొడి నీళ్ళలో కలిపి తెల్లబట్ట ముంచితే మరక విరిగిపోతుంది. తడి తగిలితే అది గంధకంలా, కుళ్ళిన గుడ్డులా కంపు కొడుతుంది. అందుకని పెరట్లో బకెట్టులో తడిపి, ఎండలో ఆరేశాం. మరక మాయం. చీర కొత్తదానిలా అయింది.

మిగిలిన పొడికి గాలి తగిలితే పాడైపోతుంది. పొయ్యి దగ్గర పనిచేసే ఎవరికైనా చేతికి వచ్చిన అలవాటు అది, హైడ్రోస్ కనబడితే బిగుతు మూత డబ్బాలో వెయ్యడం. మా ఇంట్లో బిగుతు మూత ఉన్నది ఒకటే, పాలపొడి డబ్బా. మా అబ్బాయి అందులో పోసి, మూత కొట్టి, వంటింటి గూట్లో పెట్టి పనికి పోయాడు. కోడలు కొట్లో ఉంది, దానికి చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

శనివారం నా మందు డబ్బా కిటికీలో మరిచిపోయాం. మార్చి ఎండకి అది మళ్ళీ నూనె అయిపోయి, పక్కకి ఒరిగి, గోడంతా కారిపోయింది. సాయంత్రం కోడలు కొట్టు నుంచి కాళ్ళు పీకుతూ వచ్చి, అది చూసి నెత్తి కొట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. నూనె ఉంది, మైనం ఉంది, పాలగుండ ఉంది. సోడా పొట్లం ఖాళీ. గూట్లో చూస్తే డబ్బాలో తెల్లటి పొడి. అప్పటికే రోట్లో కర్పూరం నూరుతోంది, ముక్కు నిండా అదే వాసన. సోడాయే అనుకుని చెంచా వేసింది. గట్టిపడదేమోనని ఇంకో చెంచా వేసింది.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, చంకలు తుడుచుకుని, రెండు వేళ్ళతో తీసి బాగా పట్టించాను. ఈ రోజుకి సరిపోవాలి కదా. తెల్లచీర కట్టుకుని, నెత్తిన కొంగు వేసుకుని, ఎండలో నడిచే చర్చికి వెళ్ళాం. ఆటోలో ఇరుక్కుంటే చీర నలుగుతుందని నేనే వద్దన్నాను.

చాప మీద కూర్చున్న కాసేపటికి చంకల్లో చీమలు పాకుతున్నట్టు అనిపించింది. భయం అనుకున్నాను. పాట అయ్యేసరికి చీమలు కుట్టడం మొదలుపెట్టాయి. ప్రార్థన అయ్యేసరికి ఎవరో నిప్పు కణికలు తెచ్చి రెండు చంకల్లోనూ పెట్టి నొక్కినట్టుంది. అప్పుడు నా పేరు పిలిచారు.

లేచి వెళ్ళాను. పెద్ద పుస్తకం పెట్టే బల్ల ఎత్తుగా ఉంటుంది. రెండు చేతులూ దాని రెండు పక్కలా ఆనించి, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడ్డాను. చేతులు ఒంటికి తగిలితే ప్రాణం పోతోంది. గడియారం చూశాను. వేలు పెట్టి మొదటి మాట చదివాను. గొంతు వచ్చింది. గట్టిగానే వచ్చింది.

రెండో వరసకి వచ్చేసరికి ముందు కూర్చున్నవాళ్ళలో కదలిక. కొంగులు ముక్కుల మీదికి వెళుతున్నాయి. నా ముక్కుకి ఏమీ తెలియదు.

"ఏటే ఆ కంపు?"

"ఎలక సచ్చినట్టుంది బల్ల కింద."

"కాదమ్మా, బయట కాలవ పొంగింది గావాల."

చర్చి వెనక రేకుల షెడ్డులో ఆ రోజు అందరికీ భోజనాలు వండుతున్నారు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో లేచి, "గ్యాసు! గ్యాసు లీకవుతంది, పిల్లల్ని బయటికి తియ్యండి!" అని ఒక్క కేక పెట్టాడు. ఇంకేముంది. చాపలు తొక్కుకుంటూ, కుర్చీలు తన్నుకుంటూ, తలుపుల వైపు పరుగు. చెప్పుల దగ్గర తోపులాట. పాస్టరయ్యగారు సిలిండరు చూడడానికి పరిగెత్తారు. సెక్రటరమ్మగారు రెండు చేతుల్తోనూ పిల్లల్ని తోలుకుంటూ, "మామ్మగారూ, ఆపండి, బయటికి రండి!" అంది.

నేను ఆపలేదు.

ఎందుకు ఆపలేదంటే, ఆపితే మళ్ళీ ఇవ్వరు. నాకు తెలుసు. గ్యాసు పేలితే పేలనీ అనుకున్నాను. వేలు జరుపుకుంటూ చదివాను. ఆ రైలంత పొడుగు మాట వచ్చింది. ఒక్క బోగీ ఊడకుండా లాగాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మంటకి. ఆఖరి మాట చదివి, ఆమేన్ అన్నాను. తల ఎత్తి చూస్తే చాపలు, పడిపోయిన కుర్చీలు.

సిలిండరు బాగానే ఉంది. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని తెల్లబోయి చూస్తున్నారట. జనం మెల్లగా లోపలికి వచ్చారు. ముక్కులు పనిచేసే మనుషులు కదా, ఈసారి కంపు ఎక్కడిదో కనిపెట్టేశారు. ఒకరు నన్ను చూసి పక్కవాళ్ళని గిల్లారు. సెక్రటరమ్మగారు నా దగ్గరికి రాలేదు. దూరం నుంచే, "మామ్మగారూ, మీరు ఆ తలుపు దగ్గర గాలికి కూర్చోండి" అంది. తర్వాత అందరికీ వినబడేలా, "గందరగోళంలో వాక్యం ఎవరూ వినలేదు. మళ్ళీ చదివిద్దాం" అని, డిగ్రీ చదువుతున్న ఒక పిల్లని పిలిచింది.

ఆ పిల్ల నేను చదివిందే చదివింది. చకచకా, కండక్టరు టిక్కెట్లు చింపినట్టు చదివి దిగిపోయింది. జనం అంతా నిశ్శబ్దంగా విన్నారు. నేను తలుపు దగ్గర కుర్చీలో, చంకలు ఒంటికి తగలకుండా చేతులు ఎడంగా పెట్టుకుని, రెక్కలు విరిగిన కోడిలా కూర్చుని విన్నాను. ఆ పొడుగు మాట దగ్గర ఆ పిల్ల తడబడింది. ఎవరూ గమనించలేదు.

ఆరాధన అయ్యాక కోడలు నన్ను కుళాయి దగ్గరికి లాక్కుపోయి, రవికె ముడి విప్పి నీళ్ళు కొట్టింది. చర్మం కమిలి, బొబ్బలెక్కి ఉంది. మా అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"గూట్లో డబ్బాలోది ఏసేవేటే?"

"ఏ డబ్బా?"

"పాలపొడి డబ్బా."

"సోడా కదా అది."

"సోడా ఏటే నీ మొకం! హైడ్రోస్ అది. సీజనంతా పీల్సే వాసన నాకు తెల్దేటి? అమ్మ నోరు తెరిసిన కాడే పట్టేసేను."

"మరి ఎందుకు సెప్పలేదు? గ్యాసు గ్యాసని సస్తంతే ఎందుకు సెప్పలేదు?" అని కోడలు వాడి మీద పడింది.

"ఏటని సెప్తాను? మా అమ్మ సంకలోంచి బెల్లం మందు కంపు వత్తందని మైకులో సెప్పాలా?"

కోడలు కుళాయి గట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకు. ఏడిత్తే నలుగురూ సూత్తారు" అన్నాను. "నీల్లు కొట్టు."

బొబ్బలు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆ మేర చర్మం ఇప్పటికీ నల్లగా, తోలులా ఉంది. కోడలు మందు డబ్బా, మైనం, వట్టివేళ్ళు అన్నీ చెత్తబండిలో పడేసింది. దాని మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. చదువు నేర్పిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు, అయినా ఉంది. కొడుకు మీదా ఉంది. కాని అది ఇంట్లో కోపం, అన్నం దగ్గర తగ్గుతుంది. తగ్గనిది వేరే.

మళ్ళీ ఈ ఏడు స్త్రీల ఆదివారం వచ్చింది. నెల ముందు పేర్లు పిలిచారు. పూలు పెట్టేవాళ్ళ పేర్లు, చాపలు వేసేవాళ్ళ పేర్లు అన్నీ చదివారు. నాకు చాపలు ఇచ్చారు. కూడిక అయ్యాక నేనే వెళ్ళి సెక్రటరమ్మగారిని ఆపాను.

"వాక్యం నాకెందుకు ఇవ్వలేదమ్మా?"

"ఈసారి పిల్లల్ని ప్రోత్సహిద్దామని, మామ్మగారూ. అయినా పాపం, పోయినేడు మీకు కుదర్లేదు కదా."

"కుదిరింది. సదివేను."

"మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయింది కదండీ."

"ఆగలేదు. అంతా సదివేను. ఆమేన్ కూడా అన్నాను."

ఆవిడ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. పిల్లలు చుక్కలు లెక్కపెట్టామంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"ఎవరు విన్నారు మామ్మగారూ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. చర్చ అయిపోయింది.

ఆవిడ అడిగింది కాబట్టి రాస్తున్నాను. నేను ఆఖరి మాట చదివి ఆమేన్ అన్నప్పుడు లోపల ఉన్నవాళ్ళు వీళ్ళు.

రెండు చెవులూ వినపడని, చర్చిలో అందరికన్నా పెద్దావిడ ఒకరు. గ్యాసు అన్న కేక ఆవిడకి వినపడలేదు. నేను చదివిందీ వినపడలేదు. అయినా నా మొహం చూస్తూ కూర్చుంది.

పసిబిడ్డకి పాలిస్తూ మధ్యలో లేవలేకపోయిన బాలింత ఒకతె. కొంగు బిడ్డ మొహం మీద కప్పింది. తన ముక్కు మీద కప్పుకోలేదు.

మోకాళ్ళు పట్టేసి, చేతికర్ర దొరక్క కుర్చీలోనే ఉండిపోయిన సంఘపెద్ద ఒకాయన. తర్వాత అడిగితే తనకేమీ గుర్తు లేదన్నారు.

మా అబ్బాయి, గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

మా కోడలు, చాప మీద, లేచినచోటే నిలబడి. నేను ఒక్కో మాట పలుకుతుంటే దాని పెదవులు కూడా కదిలాయి.

ఇంకెవరూ లేరు.